పాతరలోకి దించిన లాంతరు

కడప

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. మంచు కురిసే రాత్రి, కొండ మీద రాతి కోట, నల్ల కోటు పెద్దమనిషి, నాలుగు శవాలు. వాక్యాలు బాగా రాశావు. భయం మాత్రం నాకు ఎక్కడా వేయలేదు. జమ్మలమడుగులో పెరిగిన పిల్లవి, మంచు నీ ఒంటికే తెలీదు కదమ్మా, చదివేవాళ్ల ఒంటికి ఎట్లా తగులుతుంది?

ఇంగ్లండు రచయిత్రి మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అనే భయం పుట్టించే నవల మొదలుపెట్టింది 1816లో, 18 ఏళ్ల వయసులో. అంతకు ముందు ఏడాది ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలడంతో యూరప్‌కు 1816లో ఎండాకాలమే సరిగ్గా రాలేదు. జెనీవా సరస్సు దగ్గర ఆమే, స్నేహితులూ వానకు ఇంట్లో చిక్కుకుని, తలా ఒక దయ్యం కథ రాద్దామనుకున్నారు. ఆ చలీ ఆ ఉరుములూ ఆమె అనుభవించినవి. నీకు నీ ఎండ ఉంది.

ఇలాంటి పుస్తకాలు చదవొద్దని మీ అమ్మ అంటోందని రాశావు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న పిల్లకు రాత్రిళ్లు దయ్యాల గోలెందుకని ఆమె బాధ. పగలు చదువు, మానేయకు. మీ ఈడు పిల్లల కోసం రాసే గోతిక్ నవలల్లో, అంటే పాత ఇళ్లూ రహస్యాలూ పెట్టి భయపెట్టే కథల్లో, దయ్యం కంటే పెద్దది ఒకటుంటుంది: ఇంట్లో పెద్దవాళ్లు దాచిన నిజం. తాళం వేసిన గది, సగం చింపిన ఫోటో, ఎవరూ ఎత్తని పేరు. "నీకెందుకు, పోయి చదువుకో" అనిపించుకున్న ప్రతి పిల్లకూ ఆ గది తెలుసు.

ఈసారి పెన్సిల్ పట్టుకుని చదువు. గుండె ఝల్లుమన్న చోట గీత పెట్టి, రెండు పేజీలు వెనక్కి పో. ఏదో మామూలు వస్తువు దగ్గర ఆ భయం మొదలై ఉంటుంది. ఆన్ రాడ్‌క్లిఫ్ అని, ఈ రకం నవలలకు తొలినాళ్లలో పేరు తెచ్చిన ఇంగ్లండు రచయిత్రి. ఏదో రాబోతోందన్న భయం మనసును మేలుకొలుపుతుందనీ, ఎదుటపడ్డ ఘోరం దాన్ని గడ్డకట్టిస్తుందనీ ఆమె తేడా చూపింది. ఆమె పోయాక 1826లో ఆ వ్యాసం అచ్చయింది. నీ కథలో అన్నీ వచ్చేశాయి, రాబోయేది ఏమీ లేదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా ఇంట్లో జొన్న పాతర తీశారు. నేలలో తవ్విన గాదె అది. మనిషి పట్టేంత నోరు, లోపల గదంత వెడల్పు. మూతరాయి తీశాక చాలాసేపు ఎవరూ దగ్గరికి పోలేదు. తర్వాత జేజినాయన లాంతరుకు తాడు కట్టి దించాడు. వెలుగు కునికింది, ఆరిపోయింది. లోపల గాలి చెడిందన్నమాట. అప్పుడు దిగినవాడు పైకి రాడు. పైకి లాగి, ముట్టించి, మళ్లీ దించారు. మూడోసారి దీపం నిలిచింది. అంతసేపూ మా అవ్వ పెరటి గుమ్మంలో అటు తిరిగి నిలబడే ఉంది. ఆమె తమ్ముడు ఒకప్పుడు లాంతరు దించకుండా దిగాడని నాకు పెళ్లయ్యాక గానీ ఎవరూ చెప్పలేదు.

మిట్టమధ్యాహ్నం అది. గవాచిలోంచి మిద్దెలోకి ఎండ పడుతూనే ఉంది. ఇప్పటికీ నాకు దయ్యం అంటే అవ్వ వీపే గుర్తొస్తుంది.

గండికోట మీకు దగ్గరే కదా. జనం లోయ అంచున ఫోటోలు దిగుతుంటారు. నువ్వు ధాన్యాగారంలోకి పోయి, ఫోన్ ఆపేసి కాసేపు కూర్చో. ఏం వినిపించిందో అక్కడే రాసుకో.

ఆ తర్వాత, మీ ఇంట్లో ఎవరి పేరెత్తితే మాట మారుస్తారో ఆ మనిషి దగ్గర కథ మొదలుపెట్టు. పేరూ ఊరూ మార్చు, ఇంట్లోవాళ్లు నొచ్చుకోకూడదు. దసరా సెలవుల్లో వచ్చేటప్పుడు ఎంత రాస్తే అంతే పట్టుకురా, ఇద్దరం కూర్చుని చదువుదాం.