పీడీఎఫ్ గింప్‌లో తెరుచుకుంటోంది!

ప్రశ్న: లినక్స్ మింట్‌లో మెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ వాడుతున్నాను. మెయిల్లో వచ్చిన పీడీఎఫ్ నొక్కితే బొమ్మలు దిద్దే గింప్ తెరుచుకుంటోంది. పీడీఎఫ్‌లు చదివే ఎక్స్‌రీడర్‌లో రావాలంటే ఏం చేయాలండీ?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో జనరల్ విభాగం కిందికి వెళ్తే ‘ఫైల్స్ అండ్ అటాచ్‌మెంట్స్’ పట్టిక ఉంటుంది. పీడీఎఫ్ వరసలో యాక్షన్ దగ్గర ‘యూజ్ అదర్’ ఎంచుకుని, ‘/యూఎస్ఆర్/బిన్’ (/usr/bin) ఫోల్డర్‌లోని ఎక్స్‌రీడర్‌ని చూపించండి. చాలామంది పొరపడేది ఇక్కడే, డెస్క్‌టాప్ మీది ఐకాన్‌ని చూపిస్తారు. అది ప్రోగ్రామ్ కాదు, దాన్నెలా నడపాలో రాసిపెట్టిన చిన్న టెక్స్ట్ ఫైల్. అసలు ప్రోగ్రామ్ ఎక్కడుందో తెలియకపోతే టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే విండో) ‘విచ్ ఎక్స్‌రీడర్’ (which xreader) అని కొట్టండి, దారి మొత్తం వస్తుంది.

థండర్‌బర్డ్‌ని ఫ్లాట్‌ప్యాక్‌గా (మిగతా సిస్టమ్‌కి వేరుగా నడిచే ప్యాకేజీగా) వేసుకుని ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. దానికి కనిపించే ‘/యూఎస్ఆర్’ మీ సిస్టమ్‌ది కాదు, దాని సొంతది. అప్పుడు ఫైల్ మేనేజర్‌లో ఏదైనా పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని ‘ఓపెన్ విత్’లో ఎక్స్‌రీడర్‌ని డిఫాల్ట్‌గా పెట్టండి.