ఒకే ఆర్మ్‌తో నాలుగు ద్రవాలు నింపబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ట్యాంక్ వ్యాగన్లు నింపే ర్యాంపు మీద ఒకే లోడింగ్ ఆర్మ్‌తో, అంటే అటూ ఇటూ కదిపే నింపుడు గొట్టంతో, మిథనాల్, టోలీన్, కాస్టిక్ లై (సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం), సల్ఫ్యూరిక్ ఆమ్లం నాలుగూ నింపే విధానాన్ని రాసే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. నన్ను నమ్మి అలాంటి పని ఇవ్వడానికి మా పెద్దలకు పదేళ్లు పట్టింది, నీకు రెండేళ్లకే ఇచ్చారు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో, ఆ నాలుగు పేర్లు వరసగా విన్నాక అంత భయం వేసింది. అందుకే ఫోన్‌లో చెప్పకుండా, నువ్వు మళ్లీ మళ్లీ చదువుకోవడానికి వీలుగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఆ జాబితాలోంచి కొట్టెయ్యి. 98 శాతం ఆమ్లాన్ని మామూలు ఉక్కు గొట్టం తట్టుకుంటుంది కానీ, నువ్వు కడగడానికి పంపే నీళ్లతో అది పలచబడిన మరుక్షణం ఉక్కును తినడం మొదలుపెట్టి హైడ్రోజన్‌ను వదులుతుంది. లోపల కాస్టిక్ మిగిలి ఉంటే రెండూ కలిసినప్పుడు పుట్టే వేడికి ద్రవం ఎగజిమ్ముతుంది. ఎంత కడిగినా ఈ జంటను ఒక గొట్టంలోకి తేకూడదు. ఆమ్లానికి వేరే ఆర్మ్ ఇచ్చినా సరిపోదు, చివరి కప్లింగ్ (గొట్టాన్ని తగిలించే బిగింపు) ఆకారం కూడా వేరుగా ఉండాలి. 2016 అక్టోబర్ 21న అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని అట్చిసన్‌లో, ట్రక్కు నుంచి దించుతున్న సల్ఫ్యూరిక్ ఆమ్లం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) ట్యాంకులోకి వెళ్లి క్లోరిన్ మేఘం లేచింది. 140 మందికి పైగా వైద్యం కోసం వెళ్లవలసి వచ్చింది. అక్కడ గొట్టాలు వేరువేరుగానే ఉన్నాయి, కానీ పక్కపక్కనే, చూడటానికి ఒకేలా ఉన్నాయి. మనిషి పొరపాటున తగిలించబోయినా తగలని కప్లింగ్ కావాలని యాజమాన్యాన్ని గట్టిగా అడుగు. ఖర్చు అంటారు. అయినా అడుగు.

ఎర్తింగ్, చేతి తొడుగులు, వ్యాగన్ మీద భద్రతా పట్టీ నీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. దీన్ని ఇన్నేళ్లలో మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అప్పట్లో మా ర్యాంపు మీద ఒక ఆర్మ్‌ను రాత్రి కాస్టిక్ లైకు, పగలు మిథనాల్‌కు వాడేవాళ్లం. ఒకనాడు తెల్లవారుజామున నేనే దగ్గరుండి నీళ్లతో ఫ్లషింగ్ చేయించాను. డ్రెయిన్ దగ్గర పట్టిన నీటిలో పీహెచ్ కాగితం ముంచి, రంగు మారలేదని చూసుకుని, రిజిస్టర్‌లో ‘లైన్ శుభ్రం’ అని రాసి సంతకం పెట్టాను. మిథనాల్ మొదలుపెట్టేలోపు, ఆర్మ్ చివరనున్న బాల్ వాల్వ్ (లోపల రంధ్రమున్న గుండు తిరిగి తెరుచుకునే వాల్వ్) కారుతోందని ఫిట్టర్ వచ్చి చెప్పాడు. ‘ఉన్నవి నీళ్లే, విప్పు’ అన్నాను. అతను నా మాట మీద ముఖానికి షీల్డ్ పెట్టుకోకుండా, మామూలు కళ్లద్దాలతోనే బోల్టులు విప్పి వాల్వ్‌ను కిందికి దించాడు. బాల్ ఆనుకునే సీటు ఎలా ఉందో చూద్దామని ముఖం దగ్గరగా పెట్టి హ్యాండిల్ తిప్పాడు. బాల్‌కూ బాడీకీ మధ్య ఉన్న ఖాళీలోంచి గరిటెడు లై చిందింది. అది నీళ్లంత తేటగానే ఉంది. అతని చెంప తుడవబోయిన నా వేళ్లకు సబ్బులా జారినప్పుడు గానీ అదేమిటో నాకు అర్థం కాలేదు. షవర్ కింద ఇరవై నిమిషాల పాటు నేనే అతని రెప్పలు విప్పి పట్టుకున్నాను. కుడికంటి చూపు మళ్లీ మునుపటిలా రాలేదు.

ఏం జరిగిందో చెబుతాను, జాగ్రత్తగా విను. బాల్ వాల్వ్‌ను పూర్తిగా తెరిచినప్పుడు నీళ్లు బాల్ మధ్యనున్న రంధ్రంలోంచి నేరుగా పోతాయి తప్ప, బాల్ చుట్టూ ఉన్న ఖాళీలోకి వెళ్లవు. పూర్తిగా మూసినా అంతే, అక్కడ చిక్కుకున్న ద్రవం అక్కడే ఉంటుంది. నేను గంటసేపు నీళ్లు పంపినా ఆ గరిటెడు లైను తాకలేదు. నా పీహెచ్ కాగితం అబద్ధం చెప్పలేదు, డ్రెయిన్ దగ్గర ఉన్నదేమిటో చెప్పింది. దాన్ని మొత్తం లైనుకు అంటగట్టినవాణ్ణి నేను. కడిగేటప్పుడు వాల్వ్‌ను సగం తెరిచి ఉంచి, హ్యాండిల్‌ను నెమ్మదిగా నాలుగైదుసార్లు అటూ ఇటూ ఆడించాలి. బాడీకి అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటే షీల్డ్ పెట్టుకుని అక్కడి నుంచి కూడా నమూనా తీయాలి. కొత్త వాల్వ్‌లు కొనే అవకాశముంటే ఆ ఖాళీని పీటీఎఫ్ఈతో (టెఫ్లాన్‌తో) నింపిన రకం అడుగు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. ఆ ఫిట్టర్ నేను చెప్పిన పేరుకు తగ్గట్టు సిద్ధమై వచ్చాడు, లోపల ఉన్నది మరొకటి. ఉమ్మడి ఆర్మ్‌తో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. కాబట్టి ఆర్మ్ మీద తగిలించే చీటీలో తరువాత నింపబోయేది కాదు, చివరిసారి నింపింది రాయించు. మరమ్మతు పర్మిట్ మీద కూడా అదే ఉండాలి. ఎన్నిసార్లు కడిగినా, విప్పే మనిషి మాత్రం ఆ చివరి ద్రవానికి తగిన రక్షణతోనే రావాలి. ‘శుభ్రం’ అనే మాటను నీ ఫారంలో ఎక్కడా ఉంచకు తల్లీ, ఎక్కడ నమూనా తీశారో, ఎంత వచ్చిందో అంకెలు రాయించు.

చలికాలంలో మరీ జాగ్రత్త. 50 శాతం లై దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, డ్రెయిన్ తెరిస్తే ఏమీ రాకపోవడం ఖాళీ అనడానికి సాక్ష్యం కాదు.

ఫ్లషింగ్ లెక్క మీవాళ్లకు కాగితం మీద చూపించు. వంపుల్లో, స్ట్రెయినర్ (మలినాలు పట్టే జల్లెడ) అడుగున కలిపి ప్రతిసారీ ఐదు లీటర్లు మిగులుతున్నాయనుకో. 135 లీటర్లు ఒకేసారి పంపి వంచేస్తే, బాగా కలిసినా పాత ద్రవంలో ఇరవై ఎనిమిదో వంతు మిగులుతుంది. అవే 135 లీటర్లను 45 చొప్పున మూడుసార్లు పంపి, ప్రతిసారీ పూర్తిగా వంచేస్తే వెయ్యో వంతే మిగులుతుంది. అసలు కడగకపోతే, ఆ ఐదు లీటర్లూ 65,000 లీటర్ల వ్యాగన్‌లో కలిసి పది లక్షల భాగాలకు 77 భాగాలవుతాయి. మిథనాల్‌కు కడిగిన నీళ్లు కూడా కల్తీయే. కొనేవాళ్లు సాధారణంగా 0.1 శాతానికి మించి నీటిని ఒప్పుకోరు కాబట్టి, తరువాత నైట్రోజన్‌తో ఆరబెట్టవలసి ఉంటుంది. ఇంత తతంగం ప్రతి షిఫ్టులో సక్రమంగా జరుగుతుందని నాకు నమ్మకం లేదు. కాస్టిక్‌కు కూడా వేరే ఆర్మ్ ఇప్పించి, మిథనాల్‌కూ టోలీన్‌కూ మాత్రమే ఉమ్మడి ఆర్మ్ ఉంచాలన్నది నా అభిప్రాయం.

అది ఒప్పుకోకపోతే గ్యాస్కెట్లు చూడు. కాస్టిక్‌కు చక్కగా పనిచేసే ఈపీడీఎం రబ్బరు టోలీన్‌లో ఉబ్బిపోతుంది. పీటీఎఫ్ఈ అన్నిటికీ తట్టుకుంటుంది గానీ ఒత్తిడికి నెమ్మదిగా సాగుతుంది, బోల్టులు మళ్లీ బిగించాలి. కామ్‌లాక్ కప్లింగ్ (మీటలు నొక్కి బిగించేది) అల్యూమినియందైతే కాస్టిక్ దాన్ని తినేస్తుంది, ఈరోజే తీయించు. టోలీన్ పారేటప్పుడు స్థిరవిద్యుత్తును పోగుచేసుకుంటుంది కాబట్టి, నిప్పురవ్వ పుట్టకుండా ఆర్మ్ మూతి ద్రవంలో మునిగేదాకా వేగం సెకనుకు 1 మీటరు దాటనివ్వకు. తొందరపెట్టే షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఎవరైనా సరే, ఈ ఒక్క విషయంలో నీ గొంతు పెంచు.

నిన్ను నిరుత్సాహపరచడానికి ఇదంతా రాయలేదు. చిన్నప్పుడు నా టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పట్టలేదని రెండుసార్లు తీసి పెట్టిన పిల్లవు నువ్వు. ఈ పనికి ఆ చాదస్తమే కావాలి. పంపు నుంచి కప్లింగ్ దాకా ఆర్మ్ మొత్తాన్ని నీ చేత్తో గీసి, ప్రతి వాల్వ్‌నూ, ప్రతి పల్లపు చోటునూ ఎర్ర ఇంకుతో గుర్తుపెట్టి నాకు పంపు. ఎక్కడ ద్రవం నిలుస్తుందో ఇద్దరం కలిసి వెతుకుదాం. నా కళ్లద్దాలు మార్పించాను, సన్నగా రాసినా చదవగలను.

ఇట్లు,
మీ మామయ్య