బుజ్జీ, ముందు చెమ్మ సంగతి చూసుకో

బుజ్జీ,

నువ్వు పంపిన వంటింటి ఫోటో చూశాను. డబ్బాలన్నీ ఒకే సైజు, మీద పేర్లు, చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ అమ్మా, నువ్విప్పుడు హైదరాబాదులో లేవు, పాలకొల్లులో ఉన్నావు. అక్కడ మూత వదులుగా పెట్టినా కరకరలాడిన అటుకులు ఇక్కడ శ్రావణమాసంలో రెండు రోజులకే మెత్తబడిపోతాయి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేపల చెరువులు, కాస్త దూరంలో సముద్రం, మన గాలిలోనే నీళ్ళుంటాయి. అందుకని ఏ సామాను ఎక్కడ సర్దాలా అని చూసే ముందు మీ వంటింట్లో చెమ్మ ఎక్కడుందో చూసుకో, మిగతాదంతా దాన్ని బట్టే.

పొద్దున్నే పొయ్యి వెలిగించక ముందు అరచెయ్యి గోడకి ఆనించి చూడు. చల్లగా తడిగా తగిలిన చోట, సున్నం పొంగి పెచ్చులూడుతున్న చోట తిండి సామాను ఏదీ వద్దు, కుక్కర్లూ పళ్ళాలూ పెట్టుకో. మీది కింది వాటా కదా, గోడ అడుగునుంచి చెమ్మ పైకి పీలుస్తుంది. ఫోటోలో బియ్యం మూట నేల మీద, గోడకి ఆనుకుని ఉంది, అది మాత్రం ఇవాళే తీసెయ్యి. చెక్క పీట వేసి, గోడకి నాలుగు వేళ్ళ సందు వదిలి, మూత గట్టిగా పట్టే డ్రమ్ములో పొయ్యి. డ్రమ్ము అడుగున, మధ్యలో, పైన ఎండు వేపాకు వేసుకో, తడి ఉన్న ఆకు మాత్రం వద్దు. పురుగు పట్టిందని బియ్యం ఎండలో పొయ్యకు, గింజ విరిగి నూక అయిపోతుంది, నీడలో ఆరబోసి చెరుగు. ఎవరైనా గిడ్డంగుల్లో పురుగు చావడానికి వాడే బిళ్ళలు తెచ్చిస్తే అసలు ఇంట్లోకే రానివ్వకు, వాటి గాలి విషం, మూసిన గదిలో మనుషుల ప్రాణాలు పోతాయి. నీకు చిన్నపిల్లాడు ఉన్నాడు, ఈ ఒక్క మాట మర్చిపోకు.

పప్పుల దగ్గర చాలామంది పొరపాటు చేసేది ఎండబెట్టడంలో కాదు, ఎండబెట్టిన తరవాత. కందిపప్పు ఎండ నుంచి తీసి వేడివేడిగా డబ్బాలో పోసి మూత పెట్టేస్తారు. అర్ధగంట ఆగి తీసి చూడు, మూత లోపల చెమట పట్టి ఉంటుంది, ఆ చుక్కలే పప్పు మీద పడి బూజుకి దారి ఇస్తాయి. పళ్ళెంలో పరిచి, వేళ్ళు పప్పులో దూర్చి చూస్తే లోపల కూడా చల్లగా తగలాలి, అప్పుడు డబ్బాకెత్తు. ఏడాదికి సరిపడా పప్పు ఉంచుకునే వాళ్ళం కాబట్టి మేం కాస్త ఆముదం పట్టించేవాళ్ళం. నువ్వు అంత కొనొద్దు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా పదిహేను రోజులకి సరిపడా తెచ్చుకుంటే చాలు, ఆఫర్ ఉందని ఐదు కిలోలు ఎత్తుకురాకు.

రవ్వ, మైదా, శనగపిండి తుట్టె కడుతున్నాయన్నావు. తేగానే పాకెట్లు విప్పకుండా నాలుగు రోజులు ఫ్రీజర్లో పెట్టు, గుడ్లున్నా చస్తాయి. బయటికి తీశాక కూడా వెంటనే కత్తిరించకు, చల్లటి పిండికి గాలి తగిలితే తడి పడుతుంది, పూట ఆగి డబ్బాలో పోసుకో. పాత పిండి మీద కొత్త పిండి ఎప్పుడూ పొయ్యొద్దు. అడుగునున్నది అలాగే ఉండిపోయి పురుగు అక్కడే పుడుతుంది. ముందు డబ్బా ఖాళీ చెయ్యి, తుడిచి ఎండబెట్టు, మీద ప్లాస్టరు ముక్క అంటించి తెచ్చిన నెల రాయి. పేరు రాయకపోయినా పరవాలేదు, రవ్వ చూస్తే రవ్వని తెలుస్తుంది, ఎప్పటిదో తెలియదు.

పొయ్యి పైన అరలో కారం, పసుపు, మసాలాలు పెట్టుకున్నావు, చేతికి అందుతాయని. అన్నం ఆవిరి మొత్తం వాటికే వెళ్తుంది, పక్కకి మార్చు. ఉప్పు, చింతపండు స్టీలు డబ్బాల్లో వద్దు, స్టీలైనా చుక్కలు పడి తినేస్తుంది. చింతపండు గింజ, పీచు తీసి ఎండబెట్టి, రాళ్ళుప్పు వరసలు వరసలుగా వేసి జాడీలో నొక్కి పెట్టు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకే బుట్టలో వద్దు, సింకు కింద అసలే వద్దు.

ఇంక ఎత్తు సంగతి. మా పుట్టిల్లు గోదావరి లంకలో. 1986 ఆగస్టు వరదకి వంటింట్లోకి నీళ్ళొచ్చి కింద ఉన్న ధాన్యం, పప్పులు అన్నీ పోయాయి. అప్పటినుంచి అమ్మ విలువైనదల్లా అటక మీదకి ఎక్కించేది. పదేళ్ళకి, 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో పెంకులు లేచిపోయి అటక మీదవే ముందు తడిశాయి. వడియాలు, అప్పడాలు, మాగాయ ముక్కలు అన్నీ ముద్దయిపోయాయి. కరెంటు లేని ఆ రోజుల్లో మమ్మల్ని ఆదుకున్నది మధ్య అరలో మూత బిగించి ఉన్న ఒక్క రేకు డబ్బా, అందులో అటుకులు, బెల్లం, అగ్గిపెట్టెలు ఉన్నాయి. నీ ఇంట్లో కూడా నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా ఉన్న అరలే మంచి చోటు, అక్కడ అందమైన కప్పులు కాదు, తిండి పెట్టు. అలాంటి డబ్బా ఒకటి అక్టోబరు రాకముందే సిద్ధం చేసుకో, కొవ్వొత్తులు, పిల్లాడి పాలపొడి కూడా అందులోనే.

ఆవకాయ గురించి మీ అమ్మ చెప్పే ఉంటుంది. పెద్ద జాడీ రోజూ తెరవకు. పదిహేను రోజులకి సరిపడా చిన్న జాడీలోకి, పొడి గరిటెతో, తల స్నానం చేసి జుట్టు తడిగా ఉన్నప్పుడు కాకుండా తియ్యి. పైన నూనె తేలుతూ ఉండాలి, తగ్గితే నువ్వులనూనె కాచి చల్లార్చి పొయ్యి. జాడీ మూతికి కట్టే వాసెన గుడ్డ నెలకోసారి మార్చు, ముసురు పట్టిన రోజున మాత్రం మార్చకు.

ఆదివారం అల్లుడుగారిని ఒకసారి పంపు, నా దగ్గర రెండు జాడీలు ఖాళీగా ఉన్నాయి, ఇస్తాను. తెచ్చుకున్నాక నీళ్ళు నింపి రాత్రంతా పొడి పేపరు మీద ఉంచు. పొద్దున పేపరు తడిస్తే ఎక్కడో బీట ఉన్నట్టే, అందులో రాళ్ళుప్పు కూడా పొయ్యకు, నాకు ఫోన్ చెయ్యి, వేరేది చూసి పంపుతాను.

మీ పెద్దమ్మ