దేనితో పోల్చి చూశారు?
మనస్తత్వ పరిశోధనపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో ఉండే ఇంటర్ పిల్లలకూ, రోజూ ఇంటి నుంచి వచ్చేవాళ్లకూ ఒత్తిడిలో తేడా నా డిసర్టేషన్ అంశం. 30 మంది చొప్పున 60 మంది చాలని సీనియర్లు అంటున్నారు. ఇంగ్లిష్ ప్రశ్నావళిని నేనే తెలుగు చేశాను. తేడా వస్తే హాస్టలే కారణమని రాయవచ్చా? (విశాఖపట్నం)

జవాబు: రాయకూడదు. హాస్టల్లో చేరేవాళ్లు, చేరనివాళ్లు మొదటి రోజు నుంచే వేరు. జేఈఈ, నీట్ కోచింగ్ పిల్లలు హాస్టల్లోనే ఎక్కువగా ఉంటే, మీకు కనిపించే తేడా హాస్టల్‌దో కోచింగ్‌దో తేలదు. ఒకే కాలేజీలో, ఒకే గ్రూపులో, ఒకే టైమ్‌టేబుల్‌తో చదివే హాస్టలర్లనూ డేస్కాలర్లనూ పోల్చండి. వీలైతే చేరిన వారంలో ఒకసారి, మూడు నెలలకు మళ్లీ కొలిచి, ఎవరి స్కోరు ఎంత మారిందో చూడండి. అప్పుడు కూడా ‘సంబంధం కనిపించింది’ అన్నంతవరకే ఆగండి. ఒక గుంపుకు మామూలు రోజుల్లో, ఇంకో గుంపుకు వీక్లీ టెస్టు ముందురోజు ఫారాలు పంచితే మాత్రం పనంతా వృథా.

ఇక సంఖ్య. మధ్యస్థమైన తేడా, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌లో (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సగమంత తేడా నిజంగానే ఉందనుకుందాం. 5 శాతం ప్రామాణికత స్థాయిలో (అంటే అసలు తేడా లేకపోయినా ఉందని పొరబడే అవకాశం 5 శాతం) దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలంటే గుంపుకు 64 మంది కావాలి. 30 మందితో ఆ అవకాశం సగానికి కాస్త తక్కువ. నాణెం ఎగరేయడానికి ఏడాది కష్టపడనక్కర్లేదు. తేడా చిన్నదైతే, అంటే 0.2 స్టాండర్డ్ డీవియేషన్ అయితే, గుంపుకు 393 మంది కావాలి. అంతమంది దొరకరనుకుంటే ప్రశ్ననే మార్చుకోవడం మంచిది. సగంలో వదిలేసిన ఫారాలు తప్పకుండా ఉంటాయి కనుక మరో పది శాతం కలుపుకోండి.

అనువాదం దగ్గరే తెలుగు డిసర్టేషన్లు ఎక్కువగా దెబ్బతింటాయి. మీరు ఒక్కరే తెలుగు చేసి ఒక్కరే సరిచూసుకుంటే సరిపోదు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. కూర్చుని రెండింటినీ ఒకటి చేయాలి. మూల ప్రశ్నలు చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చాలి. రెండు ఇంగ్లిష్ ప్రతులూ పక్కపక్కన పెడితే ఎక్కడ అర్థం జారిందో కనిపిస్తుంది. ఆ తర్వాత ఎనిమిది, పది మంది పిల్లల చేత పైకి చదివించి, ‘దీనికి నీకు ఏం అర్థమైంది?’ అని అడగండి. పిల్లలు ‘టెన్షన్’ అంటారు, మనం ‘మానసిక ఒత్తిడి’ అని రాస్తాం. వాళ్ల మాటే పెట్టండి. మనకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. జవాబుల్లో ఒక కొసన ‘ఎప్పుడూ లేదు’, ఇంకో కొసన ‘ఎప్పుడూ’ అని అచ్చు వేస్తే, తొందరలో చదివేవాడికి రెండూ ఒకటే. పైగా ప్రశ్నలో ‘చేయలేకపోయాను’ అని ఉండి జవాబులో ‘లేదు’ వస్తే, రెండు లేదులు కలిసి అవునా కాదా తెలియదు. ‘ఒక్కసారి కూడా జరగలేదు’, ‘చాలా తరచుగా జరిగింది’ అని పూర్తిగా రాయండి.

మీరు వాడేది పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ అనే ఒత్తిడి ప్రశ్నావళి పది ప్రశ్నల రూపమైతే 4, 5, 7, 8 ప్రశ్నలకు మార్కులు తిరగేయాలి: 0 ఉంటే 4, 1 ఉంటే 3. మొత్తం 0 నుంచి 40 వరకు వస్తుంది. తిరగేయడం మరిచిపోతే క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) పడిపోతుంది, మీరేమో అనువాదం చెడిందని బెంగపడతారు. ముందు ఎక్సెల్ షీటు చూడండి.

ఫారాలు నింపేటప్పుడు వార్డెన్ గానీ లెక్చరర్ గానీ గదిలో ఉండకూడదు. పేర్లు అడగొద్దు. 18 నిండని పిల్లలకు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితో పాటు పిల్లల సమ్మతి కూడా కావాలి, ఎథిక్స్ కమిటీ ఆమోదం అన్నిటికంటే ముందు. ఏ స్కోరును పోలుస్తారో, ఏ పరీక్ష వాడతారో ఫారాలు పంచకముందే రాసి గైడ్‌కు ఇవ్వండి. ఒకదానికొకటి సంబంధం లేని ఐదు కొలతలు పోల్చి, తేడా వచ్చినదాన్నే చూపిస్తే, అసలేమీ లేనిచోట కూడా ఏదో ఒకటి ‘ప్రామాణికం’గా తేలే అవకాశం దాదాపు 23 శాతం. 2015లో వెలువడిన ఒక పెద్ద ప్రయత్నంలో మనస్తత్వశాస్త్ర పత్రికల్లోని 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం ప్రామాణికమైన ఫలితాలే. మళ్లీ చేస్తే 36 శాతమే నిలిచాయి. నచ్చిన ఫలితాన్ని ఏరి చూపడం అందుకు ఒక ముఖ్య కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం, మాదీ అదే.

ప్రశ్న: పిల్లల మెదడులో ప్రత్యేక శక్తిని మేల్కొలుపుతామనే ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ క్లాసులో మా పాపను చేర్చాం. కళ్లకు గంతలు కట్టుకుని రంగులు చెబుతోంది, పుస్తకం చదువుతోంది. నా కళ్లతో చూశాను. నమ్మవచ్చా? (కరీంనగర్)

జవాబు: మీరు చూసింది నిజమే. గంతలు కట్టినా ముక్కు పక్కన సందు ఉంటుందన్నది కూడా నిజమే. కాగితం గడ్డం కిందికి దగ్గరగా వస్తోందా, తల కాస్త పైకి ఎత్తుతోందా గమనించండి. పాప మోసం చేస్తోందని అనుకోవద్దు. సందులోంచి కనిపించడమే ఆ ‘శక్తి’ అని చాలామంది పిల్లలు నిజంగానే నమ్ముతారు.

ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఐదు రంగుల కాగితాలు తీసుకోండి. పక్క గదిలో ఒకరు పాచిక వేసి, 1 నుంచి 5లో ఏది పడితే ఆ రంగును మందపాటి అట్ట కవరులో పెట్టి అంటించాలి. 6 పడితే మళ్లీ వేయాలి. కవరు తెచ్చి ఇచ్చేవాళ్లకూ, పాప పక్కన ఉండేవాళ్లకూ లోపల ఏముందో తెలియకూడదు. ఇది ముఖ్యం. బెర్లిన్‌లో లెక్కలు చేస్తుందని పేరుపడ్డ హాన్స్ అనే గుర్రాన్ని 1907లో మనస్తత్వ పరిశోధకుడు ఆస్కర్ ఫుంగ్స్ట్ ఇలాగే పరీక్షించాడు. అడిగేవాడికి జవాబు తెలియనప్పుడు గుర్రం తడబడింది. అది చదివింది లెక్కను కాదు, మనిషి తల కదలికను.

ఇలా 20 సార్లు చేయండి. మధ్యలో ‘కరెక్ట్’ అని ఎవరూ అనవద్దు, అన్నీ రాసుకుని చివర్లో విప్పండి. ఊరికే ఊహించినా సగటున 4 సరిపోతాయి. 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఊహతో సరిపోయే అవకాశం నూటికి ఒకటి. ఎన్ని వస్తే ఒప్పుకుంటారో ముందే రాసిపెట్టుకోండి. ‘కవరులో ఉంటే శక్తి పనిచేయదు’ అని క్లాసువాళ్లు అంటే, గంతల్లోంచి పనిచేసే చూపు కవరు దగ్గర ఎందుకు ఆగుతుందో వాళ్లనే అడగండి.

ప్రశ్న: హైస్కూల్ టీచర్ని. ఎఫ్ఏ-1 (ఏడాదిలో మొదటి ఫార్మేటివ్ పరీక్ష)లో మొదటి పది మందికి పెన్నులిచ్చి మెచ్చుకున్నాను, ఎఫ్ఏ-2లో ఎక్కువమందికి మార్కులు తగ్గాయి. చివరి పది మందిని గట్టిగా మందలించాను, వాళ్లకు పెరిగాయి. మందలింపే మేలా? (అనంతపురం)

జవాబు: ఆ నిర్ణయానికి రాకండి మాస్టారూ. ఒక పరీక్షలో మార్కులంటే చదువుతో పాటు ఆనాటి అదృష్టం కూడా. తెలిసిన ప్రశ్నే రావడం, ఆ రోజు జ్వరం తగలడం వంటివన్నమాట. అందరికన్నా పైన నిలిచినవాళ్లలో అదృష్టం కలిసొచ్చినవాళ్లు ఎక్కువ, అట్టడుగున కలిసిరానివాళ్లు ఎక్కువ. రెండోసారి ఇద్దరూ సగటువైపు జరుగుతారు. మీరు నోరు విప్పకపోయినా ఇదే జరిగేది. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే ఎత్తుల విషయంలో దీన్ని చూపించాడు: బాగా పొడుగు తల్లిదండ్రుల పిల్లలు పొడుగే, కానీ సగటున వాళ్లంత కాదు.

ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. మీరు ఎవరినీ మెచ్చుకోని, తిట్టని పాత సంవత్సరం మార్కుల రిజిస్టరు తీయండి. అందులోనూ మొదటి పది మందినీ, చివరి పది మందినీ ఎఫ్ఏ-2లో వెతకండి. అక్కడ కూడా అంతే తగ్గుదల, అంతే పెరుగుదల కనిపిస్తే పెన్నుదీ మందలింపుదీ ఏ పాత్రా లేదని తేలుతుంది.

ప్రశ్న: ఫోన్‌లో పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి చేస్తే 12 వచ్చింది. నాకు డిప్రెషన్ ఉన్నట్టేనా? (హైదరాబాద్)

జవాబు: ఆ సంఖ్య ఒక్కదాన్ని బట్టి చెప్పలేం. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం స్కోరు 27 వరకు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వైద్యుడు చూడాలన్నది ఆనవాయితీ. 2001 నాటి మూల అధ్యయనంలో ఈ గీత మేజర్ డిప్రెషన్ ఉన్నవాళ్లలో 88 శాతాన్ని పట్టుకుంది, లేనివాళ్లలో 88 శాతాన్ని సరిగ్గా వదిలేసింది. జబ్బు 5 శాతం మందిలో ఉన్న వెయ్యి మందికి ఇదే పరీక్ష పెడితే 50లో 44 మంది దొరుకుతారు, లేని 950లో 114 మంది కూడా గీత దాటుతారు. అంటే దాటిన 158 మందిలో నిజంగా జబ్బున్నవాళ్లు 28 శాతం. అదే జబ్బు 30 శాతం మందిలో ఉండే క్లినిక్‌లో అయితే ఆ వాటా 76 శాతానికి చేరుతుంది. కాలక్షేపానికి చేశారా, నిద్ర పట్టక, ఏ పనీ చేయబుద్ధికాక చేశారా అన్నదాన్ని బట్టి ఆ 12కు అర్థం మారుతుంది. రెండోదైతే ఈ వారమే సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. తొమ్మిదో ప్రశ్నకు, అంటే చనిపోతే బాగుండుననే ఆలోచన గురించిన ప్రశ్నకు, సున్నా కాక వేరే జవాబు పెట్టి ఉంటే మొత్తం స్కోరుతో పనిలేదు. ఈ రోజే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలి-మానస్ ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడవచ్చు.