పక్షుల ప్రశ్నలు – జవాబులు: చేపలు పట్టే బాతులు

ప్ర: ప్రకాశం బ్యారేజీ ఎగువన నల్లటి బాతులు మునిగి, నోట చేపతో పైకి తేలుతుంటాయి. ఇవి ఏ రకం బాతులు? అసలు బాతులు చేపలు తింటాయా?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జ: అవి బాతులు కావండీ, నీటికాకులు. ఈదుతున్నప్పుడు ఒళ్లు సగం నీళ్లలోనే ఉంటుంది, మెడ మాత్రం పైకి కనిపిస్తుంది. వేట కాగానే ఏ కొయ్యమీదో కూర్చుని రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి. బాతు ఈకలు నూనె పట్టి ఉంటాయి కనుక దానికి ఆ పని పడదు. ఇంకా అనుమానముంటే కాలు చూడండి. నీటికాకికి నాలుగు వేళ్లనూ కలుపుతూ పొర ఉంటుంది, బాతుకు ముందు మూడింటికే.

చేపలే ప్రధాన ఆహారంగా బతికే బాతులూ ఉన్నాయి. వాటిని మెర్గాన్సర్లు అంటారు. ముక్కు చెంచాలా వెడల్పుగా ఉండదు. సన్నగా, పొడవుగా ఉండి, కొన కొక్కెంలా వంగి ఉంటుంది. అంచుల్లో రంపపు పళ్లలాంటివి గొంతువైపు వాలి ఉంటాయి. అవి నిజం పళ్లు కావు, కానీ జారే చేప వెనక్కి పోకుండా పట్టేస్తాయి. ముందు తల నీళ్లలో ముంచి వెతుకుతాయి, చేప కనబడ్డాకే మునుగుతాయి. పట్టిన చేపను తలవైపు నుంచి మింగుతాయి, లేదంటే చేప రెక్కల ముళ్లు గొంతులో అడ్డం పడతాయి. కాళ్లు బాగా వెనక్కి ఉండటంతో నీటిలో చురుకే, నేలమీద నడక మాత్రం తడబాటు. ఎగరాలంటే నీటిమీద కొంతదూరం పరుగెత్తాలి.

వీటిలో పెద్దది గూసాండర్, పొడవు 58–68 సెంటీమీటర్లు. మగదాని తల నల్లటి పచ్చ, ఆడదానిది ఇటుకరంగు. చెట్టు తొర్రల్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ ఎత్తునుంచి కిందికి దూకేస్తాయి! మన దేశంలో లద్దాఖ్‌లో పిల్లలు చేసి, చలికాలం హిమాలయ పాదాల నదులకు దిగుతుంది. చూపుతో వేటాడేది కనుక తేట నీరు కావాలి. కృష్ణలో కనబడితే అది పత్రికకెక్కే వార్తే.

ప్ర: బుడబుంగ బాతు జాతేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జ: కాదు. దాని వేళ్లు పొరతో కలిసి ఉండవు, ఒక్కో వేలికీ విడిగా ఆకులాంటి అంచు ఉంటుంది. పురుగులు, చిన్న చేపలు తింటుంది.

ప్ర: వలస బాతులు మా చెరువులో చేపపిల్లల్ని తినేస్తున్నాయా?
– ఒక రైతు, పొన్నూరు

జ: సూదితోక బాతుల్లాంటివి ఎక్కువగా గింజలు, నాచు, పురుగులు తింటాయి. మీ అనుమానం నీటికాకులు, కొంగలమీదికి మళ్లించండి. పెంపుడు బాతులు మాత్రం చిన్న చేపపిల్లల్ని మింగేస్తాయి. అందుకే చేపలతో కలిపి బాతుల్ని పెంచేవాళ్లు 10 సెంటీమీటర్లు దాటిన పిల్లల్నే వదలాలి. బాతులు హెక్టారుకు 200–300, అంటే ఎకరాకు 80–120 చాలు. చేపపిల్లల్ని పెంచే నర్సరీ చెరువుపై వల కడితే నీటికి ఎత్తుగా, బిగువుగా కట్టండి. వల వదులైతే కిందికి జారి, పక్షి పైనుంచే చేపను పొడుస్తుంది, లేదా అందులో చిక్కుకుని చస్తుంది.