వార్తలో ఒక మాట, ఇంట్లో ఒక పని

కెనడాలోని విన్నిపెగ్ నగరపు పేటల నుంచి తెలుగు పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: రేడియోలో ‘మైనస్ 30, విండ్ చిల్‌తో మైనస్ 46’ అని చెబుతారు. కారు ఇంజను హీటరును ప్లగ్ చేయాలా వద్దా అన్నదానికి ఏ అంకె చూడాలి? మొన్న రాత్రంతా ప్లగ్ చేసి ఉంచినా పొద్దున బండి కదల్లేదు. ఎందుకు?
– ఒక విద్యార్థి, ఫోర్ట్ రిచ్‌మండ్

కారుకు మైనస్ 30, మీ చెవులకు మైనస్ 46. గాలి వీస్తే ఇంజను తొందరగా చల్లారుతుంది, అంతే. ఎంత హోరుగాలి వీచినా బయటి ఉష్ణోగ్రత కంటే కిందికి మాత్రం దిగదు. విండ్ చిల్ అంటే గాలి వల్ల ఒంటికి తగిలే చలి, ఆ లెక్క కప్పుకోని చర్మం కోసం పుట్టింది. ఇప్పుడు వాడుతున్న సూత్రం 2001 నాటిది. బయట మైనస్ 30 ఉన్నప్పుడు గాలి గంటకు 10 కిలోమీటర్లయితే విండ్ చిల్ మైనస్ 39, 30 కిలోమీటర్లయితే మైనస్ 46. మొదటి దాంట్లో ముక్కు, చెవులు గడ్డకట్టడానికి 10 నుంచి 30 నిమిషాలు పడుతుంది. రెండో దాంట్లో 5 నుంచి 10 నిమిషాలు చాలు. బస్సు కోసం నిలబడే ముందు చూసుకోవాల్సిన అంకె ఇదీ.

ఇక ప్లగ్ సంగతి. థర్మామీటరు మైనస్ 15 దాటితే బ్లాక్ హీటర్ పెట్టడం మంచిది, మైనస్ 20 దాటితే తప్పదు. అది 400 నుంచి 1000 వాట్ల దాకా ఉండే చిన్న హీటరు. ఇంజనులోని కూలెంట్‌ను వెచ్చబెడుతుంది. నాలుగు గంటలు చాలు, రాత్రంతా పెట్టినా ఇంజను అంతకు మించి పెద్దగా వేడెక్కదు. ఏడింటికి బయల్దేరేవాళ్ళు బయట వాడే టైమరు కొని మూడింటికి ఆన్ అయ్యేట్టు పెట్టుకోండి. 500 వాట్ల హీటరు పది గంటలు నడిస్తే 5 యూనిట్లు, నాలుగు గంటలైతే 2. యూనిట్ సుమారు 10 సెంట్ల లెక్కన రోజుకు 30 సెంట్లు మిగులుతాయి. నాలుగు నెలల చలికాలానికి చూస్తే తక్కువేం కాదు.

ప్లగ్ చేసినా స్టార్ట్ కాలేదంటే మూడు చోట్ల వెతకండి. మొదటిది వైరు. బంపరు దగ్గర వేలాడే ప్లగ్ పిన్నులు రోడ్డు మీది ఉప్పునీటికి పచ్చబడతాయి, లోపల కాలిపోయినా పైకి తెలీదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ప్లగ్ పెట్టి బానెట్ దగ్గర చెవి పెడితే ఒకటి రెండు నిమిషాల్లో సన్నగా సుయ్‌మనే శబ్దం రావాలి. రాకపోతే వాట్ మీటరు పెట్టి చూడండి. రెండోది పార్కింగ్ కరెంటు. చాలా అపార్ట్‌మెంట్లలో పొదుపు కోసం అది కాసేపు వచ్చి కాసేపు ఆగుతుంది. పరీక్షకు పెట్టిన బల్బు వెలగలేదని వెంటనే ఫిర్యాదు చేయకండి, అరగంట ఆగి మళ్ళీ చూడండి.

మూడోది బ్యాటరీ. ఎక్కువగా దొంగ అదే. బ్లాక్ హీటరు బ్యాటరీని ముట్టుకోదు. మైనస్ 30లో బ్యాటరీ తన బలంలో సగం కూడా ఇవ్వదు, అదే సమయంలో చిక్కబడ్డ ఆయిల్ వల్ల ఇంజను తిప్పడానికి బలం ఎక్కువ కావాలి. నాలుగైదేళ్ళు దాటిన బ్యాటరీని అక్టోబరులోనే లోడ్ పరీక్ష చేయించండి. పక్క నుంచి చుట్టే బ్యాటరీ బ్లాంకెట్ కూడా దొరుకుతుంది.

ఎక్స్‌టెన్షన్ వైరు బయట వాడేది, మూడు పిన్నులది, 14 గేజ్ లేదా అంతకన్నా లావుది ఉండాలి. ఇంట్లో వాడే వైరు ఈ చలికి అప్పడంలా విరుగుతుంది. వైరును సైడు మిర్రరుకు ఒక చుట్టు చుట్టి ప్లగ్ చేస్తే, దాన్ని లాక్కుంటూ వెళ్ళిపోయే ప్రమాదం తప్పుతుంది. బండి కదిలిన మొదటి కిలోమీటరు చక్రాలు దడదడమంటే భయపడకండి. రాత్రి నేలకు ఆనిన వైపు టైరు చదునుగా గట్టిపడి ఉంటుంది, నెమ్మదిగా నడిపితే గుండ్రమవుతుంది.

ప్రశ్న: మంచు పడిన మర్నాడు ‘పార్కింగ్ బ్యాన్’ అన్నారు. మా వీధికి వర్తిస్తుందో లేదో అర్థం కాలేదు, కారు ఉంచిన చోట లేదు.
– మేపుల్స్

ముందు నగర సేవల నంబరు 311కు ఫోన్ చేయండి, పోలీసులకు తర్వాత. రోడ్డు మీది మంచు తీయడానికి బండిని పక్క వీధిలోకి మార్చడం మామూలే. నిషేధాల్లో ముఖ్యమైనవి రెండు. పెద్ద రోడ్ల మీద చలికాలమంతా అర్ధరాత్రి దాటాక ఉదయం 7 దాకా ఉండేది ఒకటి, గంటలు బోర్డు మీదే రాసి ఉంటాయి. రెండోది కాలనీ వీధులకు భారీగా మంచు పడ్డప్పుడు మాత్రమే. మీ చిరునామాకు ఒక ఇంగ్లిష్ అక్షరం జోన్‌గా ఉంటుంది. నగరం సైట్లో చూసి ఫ్రిజ్ మీద రాసి అంటించుకోండి. ఆ అక్షరానికి 12 గంటల షిఫ్టు ప్రకటిస్తారు, ఉదయం 7 నుంచి సాయంత్రం 7 లేదా సాయంత్రం 7 నుంచి ఉదయం 7. మంచు తీసే యంత్రం ఒకసారి వెళ్ళిందని కారు వెనక్కి తెచ్చి పెట్టకండి. షిఫ్టు ముగిసేదాకా అది మళ్ళీ రావచ్చు. మీ వాకిట్లో మంచును రోడ్డు మీదకు తోసినా తప్పే.

ప్రశ్న: కిటికీ అద్దాల అడుగున లోపలివైపు మంచు పేరుకుంటోంది. గోడ నల్లబడింది. కిటికీలు నాసిరకమా? పైగా మైనస్ 35 వచ్చిన రాత్రి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ కూడా ఆగిపోయింది.
– ఒక గృహిణి, బ్రిడ్జ్‌వాటర్

కిటికీని తిట్టే ముందు వంటింటి వైపు చూడండి. ఇడ్లీ పాత్ర, కుక్కరు, పప్పు మరగడం, ఇంట్లో ఆరేసిన బట్టలు, ఇవన్నీ కలిపి రోజుకు కొన్ని లీటర్ల నీటిని గాల్లోకి వదులుతాయి. ఈ కాలపు ఇళ్ళు బిగుతుగా కడతారు, ఆ ఆవిరి పోవడానికి సందు ఉండదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు అద్దం అడుగు భాగం, అక్కడే చెమ్మ పట్టి గడ్డకడుతుంది. మధ్యాహ్నం అది కరిగి చట్రంలోకి, గోడలోకి దిగుతుంది. ఆ నలుపు బూజే.

పది పదిహేను డాలర్లకు దొరికే తేమ మీటరు ఒకటి కొని హాల్లో పెట్టండి. బయట మైనస్ 10 ఉంటే లోపల 35 శాతం తేమ ఉన్నా ఫర్వాలేదు. మైనస్ 30కి దిగితే 20 దగ్గరికి తేవాలి. పెదవులు పగులుతాయి నిజమే, కొబ్బరినూనె రాసుకోవచ్చు గానీ గోడకు రాయలేం కదా. ఫర్నేసుకు తగిలించిన, తేమ పెంచే హ్యుమిడిఫయరు ఉంటే తగ్గించండి. బేస్‌మెంట్‌లో హెచ్ఆర్‌వీ అనే పెట్టె ఉంటుంది. లోపలి తడిగాలిని బయటికి పంపుతూ, దాని వేడిని వచ్చే పొడిగాలికి అందిస్తుంది. చలి పెరిగేకొద్దీ దాని తేమ అంకెను తగ్గిస్తూ పోవాలి. చాలామంది కరెంటు ఆదా అని దాన్నే ఆపేస్తారు, కిటికీ మంచుకు అసలు కారణం అక్కడే దొరుకుతుంది. పొయ్యి మీద హుడ్ గాలిని నిజంగా బయటికి పంపుతోందో, వడగట్టి మళ్ళీ వంటింట్లోకే వదులుతోందో చూసుకోండి. రెండో రకమైతే తాలింపు వాసన పోదు, ఆవిరీ పోదు. రాత్రి బ్లైండ్లను అడుగున నాలుగు వేళ్ళ ఎత్తు లేపి ఉంచితే వెచ్చగాలి అద్దానికి తగులుతుంది.

ఫర్నేస్ ఆగినప్పుడు ముందు బయటికి వెళ్ళి పక్కగోడకు ఉన్న రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు చూడండి. ఒకటి గాలి పీల్చేది, ఒకటి పొగ వదిలేది. ఆవిరి గడ్డకట్టి, లేదా గాలికి కొట్టుకొచ్చిన మంచు కుప్పపడి వాటి నోరు మూసుకుపోతే, లోపలి ప్రెషర్ స్విచ్ మంటను వెలగనివ్వదు. కొన్నిసార్లు ప్రయత్నించి ఫర్నేస్ తనంతట తానే తాళం వేసుకుంటుంది. స్విచ్ ఆపి, చేత్తో మంచు తీసి, రెండు నిమిషాలాగి మళ్ళీ వేయండి. వేడినీళ్ళు పోయకండి, నిమిషాల్లో అంతకన్నా గట్టి గడ్డ అవుతుంది. గొట్టాలు బాగుంటే ఫిల్టరు చూడండి. మూడు నెలలకు అని రాసి ఉన్నా ఈ చలికాలంలో నెలకోసారి తీసి చూడాలి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం లేకపోతే ఇవాళే కొనండి.

ప్రశ్న: కార్బన్ రిబేటు బ్యాంకులో పడటం ఆగిపోయింది. మా పన్ను ఫారంలో తప్పేమైనా ఉందా?
– ట్రాన్స్‌కోనా

తప్పేం లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి వినియోగదారులు కట్టే కార్బన్ పన్నును ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం సున్నా చేసింది, ఆ పన్నుకు బదులుగా ఇచ్చే రిబేటులో ఏప్రిల్ 22న వచ్చినదే చివరి విడత. అంతకుముందు పెట్రోలు మీద లీటరుకు 17.6 సెంట్లు ఆ పన్నే ఉండేది. రాష్ట్రం వేసే ఇంధన పన్ను వేరు. మన మానిటోబా రాష్ట్రం దాన్ని 2024లో ఏడాదిపాటు ఎత్తేసి, 2025 జనవరి 1 నుంచి లీటరుకు 12.5 సెంట్లుగా మళ్ళీ పెట్టింది. అంతకుముందు అది 14 సెంట్లు. మూడు నెలలకోసారి వచ్చే జీఎస్టీ క్రెడిట్, నెలనెలా వచ్చే పిల్లల భత్యం వీటితో సంబంధం లేనివి, ఆదాయం సున్నా అయినా ఏటా రిటర్న్ వేస్తేనే వస్తాయి. పర్మిట్ల మీద ఉన్నవాళ్ళు పిల్లల భత్యానికి దేశంలో 18 నెలలు ఉండి, 19వ నెలలో పర్మిట్ చెల్లుబాటులో ఉండాలి.

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో ఊరి వార్తలు ఒక్కటీ కనబడవు. ఫోనులో సెట్టింగా?
– సెయింట్ వైటల్

సెట్టింగు కాదు. వార్తాసంస్థలకు పెద్ద ఇంటర్నెట్ కంపెనీలు డబ్బు చెల్లించాలన్న చట్టానికి 2023 జూన్‌లో ఆమోదం దొరికింది. చెల్లించే బదులు ఫేస్‌బుక్ యజమాని మెటా ఆ ఆగస్టు 1 నుంచి కెనడాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తల లింకులను ఆపేయడం మొదలుపెట్టింది. ఆ ఖాళీలోకి ఇప్పుడు వాట్సాప్ స్క్రీన్‌షాట్లు వచ్చాయి. వాటిలో ముందు కత్తిరించేది తేదీనే. పోయిన ఏడాది స్కూలు సెలవు ఈ ఏడాది తిరుగుతూ ఉంటుంది. పత్రికల సైట్లకు నేరుగా వెళ్ళండి, కారులో సీబీసీ 89.3 ఎఫ్ఎమ్ వినండి. కరెంటు పోయిన రాత్రికి బ్యాటరీ రేడియో ఒకటి ఉంచుకోండి.

ప్రశ్న: ఏప్రిల్లో వార్తల్లో ‘జేమ్స్ దగ్గర ఇన్ని అడుగులు’ అంటారు. ఏ జేమ్స్? అది విని మేం బేస్‌మెంట్ ఖాళీ చేయాలా?
– కొత్తగా ఇల్లు కొన్న దంపతులు

జేమ్స్ అవెన్యూ, డౌన్‌టౌన్‌లో రెడ్ నది ఒడ్డున నీటిమట్టం కొలిచే చోటు. చలికాలంలో నది మీది మంచుకు ఉండే మామూలు మట్టాన్ని సున్నాగా పెట్టి పైకి లెక్కిస్తారు. సుమారు ఎనిమిదిన్నర అడుగులకు రెండు నదులు కలిసే ఫోర్క్స్ దగ్గరి నదీతీరపు నడకదారి మునుగుతుంది. 1950లో 30.3 అడుగులు, 1997లో 24.5 వచ్చాయి. ఈ నది ఉత్తరానికి పారుతుంది. ఎగువన దక్షిణంలో మంచు ముందు కరుగుతుంది, దిగువన ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీరు మధ్యలో చిక్కుకుంటుంది. 1950 వరద తర్వాత రాష్ట్ర ప్రీమియర్ (ముఖ్యమంత్రి లాంటి పదవి) డఫ్ రాబ్లిన్ పట్టుబట్టి 1962 నుంచి 1968 దాకా నగరం చుట్టూ 47 కిలోమీటర్ల వరద కాలువ తవ్వించారు. అప్పట్లో ‘డఫ్ గుంట’ అని ఎగతాళి చేశారు, ఆ పేరే ఇప్పుడు గర్వంగా వాడతారు.

కాబట్టి నగరం లోపల ఉన్న మీకు నది కన్నా మురుగు పైపుతోనే భయమెక్కువ. పాత పేటల్లో వాననీరు, మురుగు ఒకే పైపులో పోతాయి. జూలైలో గంటసేపు కుండపోత పడితే ఆ పైపు నిండి, నీరు మీ బేస్‌మెంట్ డ్రెయిన్‌లోంచి వెనక్కి తన్నుతుంది. దాన్ని ఆపేది బ్యాక్‌వాటర్ వాల్వ్. మూత విప్పి ఏడాదికి రెండుసార్లు కడగండి. వెంట్రుకలు, జిడ్డు పట్టిన రెక్క మూసుకోదు. వంటనూనె సింకులో పోసేవాళ్ళకు ఇది త్వరగా వస్తుంది. ఇంకో మాట చాలామందికి తెలీదు: వాల్వు మూసుకున్నప్పుడు మీ నీళ్ళకూ దారి ఉండదు. కుండపోత సమయంలో స్నానం, వాషింగ్ మెషీన్, ఫ్లష్ అన్నీ ఆపాలి. లేకపోతే మీ నీటితోనే మీ బేస్‌మెంట్ మునుగుతుంది.

బేస్‌మెంట్ గుంటలో చేరే నీటిని బయటికి తోడే సంప్ పంపును మార్చిలోనే పరీక్షించండి. గుంటలో ఒక బకెట్ నీళ్ళు పోస్తే తేలే బంతి లేచి పంపు నడవాలి, నీరు దిగాక ఆగాలి. బంతి గోడకో వైరుకో తట్టుకుంటే అదే చెడిపోయే చోటు. బయటి గొట్టం గోడ నుంచి కనీసం రెండు మీటర్ల దూరం పోయాలి, లేకపోతే అదే నీరు తిరిగి గుంటలోకే వస్తుంది. మంచు రాకముందే బయటి గొట్టం విప్పేయండి, గడ్డకట్టిన గొట్టం మీద పంపు తోసి తోసి మోటారు కాలుతుంది. మురుగు వెనక్కి రావడానికి, నేల మీది వరదకు ఇంటి బీమాలో విడివిడి షరతులుంటాయి. పాలసీ కాగితంలో ఆ రెండు పదాలూ వేళ్ళు పెట్టి చూసుకోండి.