నైట్ డ్యూటీ ఉన్నవాళ్లకు దేవుడు దొరకడా?

ప్రశ్న: వందనాలు అయ్యగారూ. మాది చంద్రగిరి, తిరుపతిలో నర్సుగా పనిచేస్తున్నాను. చిన్నప్పటి నుంచీ చర్చిలోనే పెరిగాను, క్వయర్‌లో పాడతాను, సండే స్కూల్ కూడా చూసుకుంటాను. అయినా దేవుడు దూరంగానే ఉన్నట్టు అనిపిస్తోంది. మొన్న ఉపవాస కూటంలో ఒకరు, దేవుడు మనల్ని ఇంకా దగ్గరికి పిలుస్తున్నాడు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థించేవాళ్లకే ఆ సన్నిధి దొరుకుతుంది అన్నారు. నైట్ డ్యూటీ పడితే నాలుగింటికి నేను వార్డులో ఉంటాను. మరి నన్ను పిలవనట్టేనా?
– ఒక సోదరి, చంద్రగిరి

జవాబు: నిన్నూ పిలిచాడమ్మా. ముందు ఆ నాలుగింటి టెన్షన్ వదిలెయ్. యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉన్నమాట నిజమే, కానీ నీకొదేము అనే యూదుల అధికారి రాత్రిపూట వస్తే ఆయన రాత్రే మాట్లాడాడు, సమరయ స్త్రీతో మిట్టమధ్యాహ్నం బావి దగ్గర మాట్లాడాడు, పైగా ఆమె వచ్చింది ప్రార్థనకు కాదు, నీళ్లకు. లేవగలిగినవాళ్లు లేస్తారు, మంచిదే. దాన్ని అందరికీ షరతుగా పెట్టే అధికారం మనకెవరిచ్చారు?

అసలు సంగతి వేరే ఉంది. ప్రకటన గ్రంథం 3:20లో ప్రభువు తలుపు దగ్గర నిలబడి తడుతున్నాడని ఉంది కదా, ఆ వాక్యాన్ని మనం సువార్త కూటాల్లో బయటివాళ్లకే చెబుతాం, క్యాలెండర్ల మీద వేస్తాం. అది రాసింది మాత్రం లవొదికయలో ఉన్న సంఘానికి. మాకేం కొదువ లేదు అనుకుంటున్న విశ్వాసులకు! వాళ్లు లోపల, ఆయన బయట. నీకు ఆ దూరం తెలుస్తోంది, వాళ్లకు అదీ తెలియలేదు. తలుపు తీస్తే ఆయన చేస్తానన్నది కూడా కలిసి భోజనం చేయడమే, ఇంకో బాధ్యత అప్పగిస్తానని అనలేదు.

లూకా 10లో మార్త, ఇంటికి వచ్చిన ప్రభువుకు వడ్డనల హడావుడిలో పడి, ఆయన దగ్గర కూర్చుని మాటలు వింటున్న చెల్లెలి మీద ఆయనకే ఫిర్యాదు చేసింది. క్వయర్ ప్రాక్టీసు, పిల్లల పాఠం, ఇవన్నీ ఆయన కోసమే చేస్తున్నావు, సరే, ఆ పనుల ఊసు లేకుండా ఆయనతో ఊరికే మాట్లాడింది ఎప్పుడు? ఏం మాట్లాడాలో తెలియకపోతే నాకు రాసిందే ఆయనకు చెప్పు. "నన్ను ఇంకెంతకాలం మరచిపోతావు" అని 13వ కీర్తన మొదట్లోనే దావీదు అడిగేశాడు. మన సాక్ష్యాల టైములో ఇలాంటి మాట ఎవరైనా అంటే మైకు లాక్కుంటారేమో గానీ, బైబిల్లో మాత్రం అది అలాగే ఉంది.

ఇక నైట్ డ్యూటీ. 1 రాజులు 19 తీసి చదువు. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో పారిపోయి, ఇక చాలు, చచ్చిపోతాను అని చెట్టు కింద పడి నిద్రపోతే దేవదూత ప్రసంగం చేయలేదు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. హోరేబు కొండ మీద దేవుని మెల్లని స్వరం వినిపించింది ఆ తర్వాతే. కాబట్టి డ్యూటీ దిగాక ఇంటికెళ్లి తిని పడుకో, అపరాధభావం వద్దు. లేచాక ఒక్క కీర్తన, పైకి నెమ్మదిగా చదువు. చంద్రగిరి బస్సులో ఫోను బ్యాగులో పెట్టి, ఆ రాత్రి చూసిన పేషెంట్ల గురించి ఆయనకు చెప్పు, నీ మీద విసుక్కున్నవాళ్ల గురించి కూడా. కన్నీళ్లు వస్తేనే దగ్గరయ్యాననీ, రాకపోతే లేదనీ లెక్కలు వేసుకోకు. మనం దగ్గరికి వస్తే ఆయన దగ్గరికి వస్తాడని యాకోబు 4:8 చెబుతోంది, ఎలా అనిపిస్తుందో అక్కడ చెప్పలేదు.

సండే స్కూల్ నుంచి కొన్నాళ్లు సెలవు కావాలనిపిస్తే మీ పాస్టరమ్మను అడుగు. మొహమాటపడకు, పిల్లలకు పాఠం చెప్పడానికి ఇంకెవరో ఒకరు దొరుకుతారు.